గొంతు మారకముందే

తొమ్మిదో ఏడో పదకొండో ఏడో, బేసి సంవత్సరం చూసి మగపిల్లాడికి పంచెల ఫంక్షన్ చేస్తారు. మేనమామ పట్టుపంచె తెస్తాడు, పురోహితుడు ముహూర్తం పెడతాడు, గేటు దగ్గర పిల్లాడి ఫొటోతో ఫ్లెక్సీ లేస్తుంది. అక్కకో చెల్లికో ఓణీల ఫంక్షన్ ఉంటే దాంతోపాటే కానిచ్చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా హాలు మాట్లాడుకుని, ఇండియా నుంచి పంచెలు తెప్పించుకుని మరీ చేస్తున్నారు. అక్షింతలు వేసిన ప్రతివాళ్లూ "ఇక పెద్దవాడివయ్యావురా" అంటారు. పెద్దవాడవడమంటే ఏమిటో, రాబోయే నాలుగైదేళ్లలో ఒంట్లో ఏం జరగబోతోందో మాత్రం అంతమందిలో ఒక్కరూ చెప్పరు.

ఆడపిల్లకు అన్నీ సరిగ్గా చెబుతున్నామని కాదు. ఆమెకు చెప్పేదీ ఆలస్యంగానే చెబుతాం. చెప్పినదాంట్లో సగం 'అది ముట్టుకోకు, ఇక్కడ కూర్చోకు' అనే కట్టుబాట్లే. అయినా రక్తం కనిపించిన రోజున అమ్మో పిన్నో అమ్మమ్మో పక్కన కూర్చుంటుంది. మగపిల్లాడి పక్కన ఎవరూ కూర్చోరు. వాడంతట వాడే తెలుసుకుంటాడని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఒకప్పుడు బస్టాండు గోడల మీద చూసి తెలుసుకునేవాడు, ఇప్పుడు ఫోన్లో చూసి తెలుసుకుంటున్నాడు. తెలుసుకున్నదాంట్లో నిజం ఎంత, భయం ఎంత అన్నది ఎవరూ విచారించరు.

నిజానికి పంచెల ఫంక్షన్‌కు మన పెద్దలు ఎంచుకున్న వయసు చాలా సరైనది. శరీరంలో పని మొదలయ్యేది దాదాపు అప్పుడే. లండన్‌కు ఉత్తరాన ఉన్న హార్పెండెన్ అనే ఊళ్లో, ఒక పిల్లల ఆశ్రమంలో పెరుగుతున్నవాళ్లను విలియం మార్షల్, జేమ్స్ టానర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. 228 మంది మగపిల్లల వివరాలను 1970లో ప్రచురించారు. యౌవనారంభపు తొలి గుర్తు సగటున 11.6 ఏళ్లకు కనిపించింది. అది సగటు మాత్రమే. పూర్తి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఒకడికి తొమ్మిదిన్నరకు మొదలైతే ఇంకొకడికి పదమూడున్నరకు మొదలైంది. ఏడో తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు స్నేహితుల్లో ఒకడు సగం మగవాడిలా, ఇంకొకడు పసివాడిలా కనిపించడానికి కారణం ఇదే. ఇద్దరూ సరిగ్గానే ఎదుగుతున్నారు. ఆ సంగతి ఇద్దరిలో ఏ ఒక్కడికీ తెలియదు.

తొలి గుర్తు అంటే మీసమనో గొంతు అనో అనుకుంటాం. కాదు. వృషణాలు కాస్త పెద్దవడం. దాన్ని ఇంట్లోవాళ్లు చూడరు, చాలాసార్లు పిల్లాడే గమనించడు. స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల డాక్టర్ ఆండ్రియా ప్రాడర్ 1966లో దీన్ని కొలవడానికి ఒక సాధనం తయారుచేశాడు. దారానికి గుచ్చిన పన్నెండు కోడిగుడ్డు ఆకారపు పూసలు అవి. అన్నిటికన్నా చిన్నది 1 మిల్లీలీటరు, పెద్దది 25 మిల్లీలీటర్లు. డాక్టర్ ఒక చేత్తో పిల్లాడి వృషణాన్ని తడుముతూ, రెండో చేత్తో పూసల్ని ఒక్కొక్కటే పట్టుకుని పోల్చుకుంటారు. మొదటి మూడూ చిన్నపిల్లల కొలతలు. నాలుగో పూస, అంటే 4 మిల్లీలీటర్ల దగ్గర కొలత కుదిరిందంటే యౌవనం మొదలైనట్టే. ఇన్ని స్కానింగులు వచ్చాక కూడా పిల్లల హార్మోన్ల డాక్టర్ల బల్ల మీద ఆ పూసల దండ కనిపిస్తూనే ఉంటుంది. మూతి మీద నూనూగు మీసాలు రావడానికి ఆ తర్వాత ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. "వీడి గొంతు మారిందే" అని ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేసరికి లోపల పని సగం దాకా వచ్చి ఉంటుంది.

ఆ పని మొదలయ్యేది వృషణాల్లో కూడా కాదు, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో. అక్కడ కొన్ని వేల నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. మెదడులో ఉన్న కోటానుకోట్ల కణాల్లో ఇవి లెక్కకు కూడా రానన్ని. వీటి పుట్టుక మరీ విచిత్రం. ఇవి మెదడులో పుట్టవు. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు ముక్కు ఏర్పడే చోట పుట్టి, వాసన నరాల వెంట మెదడులోకి నడిచివెళ్తాయి. ఆ నడక మధ్యలో ఆగిపోతే ఆ పిల్లాడికి పద్దెనిమిదేళ్లు వచ్చినా మీసం రాదు, గొంతు మారదు, మల్లెపూల వాసనా తెలియదు. జర్మనీలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫ్రాంజ్ కాల్‌మన్ 1944లో వివరించిన ఈ స్థితికి ఆయన పేరే పెట్టారు. వాసన తెలియని పిల్లాడికి యౌవనం ఆలస్యమైతే డాక్టర్ ఈ రెండింటినీ కలిపి చూస్తారు. చికిత్స ఉంది, ఫలితం కూడా బాగుంటుంది.

జీఎన్‌ఆర్‌హెచ్ రక్తంలోకి ధారగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. పెద్దవాళ్లలో గంటకో రెండు గంటలకో ఒకసారి. ఈ విడతల్లోనే మొత్తం కిటుకు ఉందని 1978లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎర్నస్ట్ నోబిల్ బృందం కోతుల మీద ప్రయోగాలతో తేల్చింది. హార్మోన్‌ను గంటకోసారి ఇస్తే కింద ఉండి వృషణాలకూ అండాశయాలకూ ఆదేశాలిచ్చే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. ఆపకుండా ఇస్తే పనిచేయడం మానేసింది. కాలింగ్ బెల్ నొక్కి ఆగి మళ్లీ నొక్కితే లోపలివాళ్లు వచ్చి తలుపు తీస్తారు, బటన్ మీద వేలు తీయకుండా ఉంచితే బెల్లు తీగే పీకేస్తారు. ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకో తొమ్మిదేళ్లలోపు మగపిల్లాడికో యౌవన లక్షణాలు వచ్చేస్తే డాక్టర్లు వాడే ఇంజెక్షన్ సరిగ్గా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అదే హార్మోన్ నమూనాను ఎడతెగకుండా అందించి, వేళ కాని యౌవనాన్ని కొన్నేళ్లు ఆపుతారు. మామూలుగా యౌవనం వచ్చేటప్పుడు మొదట్లో ఈ హార్మోన్ విడతలు రాత్రి నిద్రలోనే వస్తాయి. పిల్లాడు దుప్పటి ముసుగేసుకుని ఆదమరిచి పడుకున్నప్పుడు వాడి బాల్యం ముగింపుకొస్తోంది. తర్వాత తర్వాత అవి పగటికీ పాకుతాయి.

ఇంకో విశేషం. ఈ వ్యవస్థ పదకొండో ఏట కొత్తగా పుట్టేది కాదు. పుట్టిన మొదటి కొద్ది నెలల్లో మగబిడ్డ రక్తంలో, వృషణాలు తయారుచేసే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బాగా పెరుగుతుంది, ఆరు నెలలకల్లా సద్దుమణుగుతుంది. అంటే ఒకసారి నడిచిన వ్యవస్థకే మెదడు పదేళ్ల పాటు బ్రేకు వేసి ఉంచుతోందన్నమాట. ఆ బ్రేకు ఏమిటి, దాన్ని తీసేదెవరు అన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. 2003లో రెండు బృందాలు, ఒకటి బోస్టన్‌లో, ఇంకొకటి పారిస్‌లో, విడివిడిగా ఒకే సమాధానానికి చేరాయి. బోస్టన్ వాళ్లు పరిశీలించినది సౌదీ అరేబియాలోని ఒక పెద్ద కుటుంబాన్ని. మేనరికాలు, దగ్గర సంబంధాలు ఎక్కువగా ఉన్న ఆ కుటుంబంలో కొందరికి యౌవనమే రాలేదు. వాళ్లందరిలో ఒకే జన్యువు దెబ్బతిని ఉంది. కిస్‌పెప్టిన్ అనే చిన్న ప్రొటీన్ కబురును అందుకునే గ్రాహకం ఆ జన్యువు నుంచే తయారవుతుంది. కబురు అందకపోతే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు నిద్రలేవవు. ఈ కిస్‌పెప్టిన్ జన్యువు అంతకుముందే 1996లో క్యాన్సర్ పరిశోధనలో బయటపడింది. పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊళ్లో దొరికింది కాబట్టి ఆ ఊరి కిస్సెస్ చాక్లెట్ల పేరు పెట్టారు. దానికి యౌవనంతో సంబంధం ఉందని అప్పుడు ఎవరూ ఊహించలేదు. 2013లో బ్రేకు వైపు జన్యువు కూడా ఒకటి దొరికింది, ఎంకేఆర్‌ఎన్‌3. అది దెబ్బతింటే యౌవనం ముందే వచ్చేస్తుంది. తల్లి నుంచి వచ్చిన జన్యు ప్రతి నిద్రలోనే ఉంటుంది, తండ్రి నుంచి వచ్చినదే పనిచేస్తుంది.

ఇక్కడ బాయిలర్ కోడి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే ప్రతి ఇంట్లో అడుగుతారు. బాయిలర్ కోళ్లు ఆరేడు వారాల్లో అంత బరువు పెరిగేది ఏళ్ల తరబడి ఎంచి ఎంచి చేసిన సంకరంవల్ల, దాణావల్ల. కోడి మాంసంలోని హార్మోన్లు పిల్లల్ని ముందే పెద్దవాళ్లను చేస్తున్నాయన్నదానికి ఆధారం లేదు. తిండికీ యౌవనానికీ సంబంధం ఉన్నమాట నిజమే, కానీ అది వేరే దారిలో ఉంది. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోన్ శరీరంలో నిల్వలు ఎంతున్నాయో మెదడుకు చెబుతుంది. తిండి చాలని పిల్లల్లో యౌవనం ఆలస్యమవుతుంది. బరువు ఎక్కువున్న ఆడపిల్లల్లో ముందుకు జరుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తర యూరప్ ఆడపిల్లలకు పదహారు, పదిహేడేళ్లకు వచ్చే తొలి నెలసరి ఇరవయ్యో శతాబ్దం మధ్యకు పదమూడుకు దిగింది. వందేళ్లలో జన్యువులు మారవు, కంచంలో అన్నం మారింది.

టెస్టోస్టెరాన్ పెరిగాక కనిపించే మార్పులు అందరికీ తెలిసినవే. చెమట వాసన మారుతుంది, మొటిమలొస్తాయి, గొంతు పెట్టె పెద్దదై స్వరతంత్రులు సాగుతాయి. కొన్ని నెలలపాటు ఒకే వాక్యంలో రెండు గొంతులు పలుకుతాయి. ఎత్తు విషయంలో మాత్రం తెలియనిది చాలా ఉంది. ఎత్తు పెరిగే వేగం ఆడపిల్లల్లో పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లల్లో పద్నాలుగేళ్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. ఆరో తరగతి, ఏడో తరగతి గ్రూపు ఫొటోల్లో ఆడపిల్లలు పొడుగ్గా ఉండేది అందుకే. ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు మూసుకోవడంతో ఎత్తు ఆగుతుంది. మగపిల్లాడిలో ఆ పని టెస్టోస్టెరాన్‌దే అనుకునేవారు. 1994లో అమెరికాలో ఒక ఇరవై ఎనిమిదేళ్ల యువకుడి గురించి డాక్టర్లు ప్రచురించారు. అతనికి టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని కణాలు ఆడ హార్మోన్‌గా పేరుపడ్డ ఈస్ట్రోజన్‌ను గుర్తించలేవు. మగవాడి శరీరంలో కూడా టెస్టోస్టెరాన్‌లో కొంత ఈస్ట్రోజన్‌గా మారి, ఎముకల్ని ముదరబెట్టి, ఎత్తును ఆపుతుందని ఆ ఒక్క మనిషితో లోకానికి తెలిసింది.

మగపిల్లాడి ఒంట్లో ఈస్ట్రోజన్ ఉంటుందన్న సంగతి ఇంకో చోట కూడా అక్కరకొస్తుంది. యౌవనంలో ఉన్న మగపిల్లల్లో సగం మందికి పైగా, ఒకవైపో రెండువైపులో చనుమొన కింద చిన్న గడ్డలా లేస్తుంది, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజన్‌ల తూకం కుదురుకోని దశ అది. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో అదే కరిగిపోతుంది. కానీ ఆ రెండేళ్లూ ఆ పిల్లాడు ఏం పడతాడో చూడండి. ఈతకు రానంటాడు. ఎండాకాలంలో కూడా బనియన్ మీద చొక్కా, చొక్కా మీద ఇంకోటి వేస్తాడు. భుజాలు ముందుకు వంచి నడుస్తాడు. తానేదో ఆడపిల్లనైపోతున్నానని రాత్రిళ్లు కుమిలిపోతాడు. "ఇది సగం మందికి వస్తుందిరా, పోతుంది" అన్న ఒక్క మాట ముందే విని ఉంటే ఈ బాధ ఉండేదే కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ భయం పుట్టించే విషయానికొద్దాం. పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఒక తెల్లవారుజామున నిక్కరు తడిసి మెలకువ వస్తుంది. పక్క తడిపానేమో అనుకుంటాడు, కాదని తెలిశాక ఇంకా హడలిపోతాడు. ఎవరికీ తెలియకుండా నిక్కరు ఉతుక్కుని ఆరేస్తాడు. స్వప్నస్ఖలనం అనేది వృషణాలు, ప్రోస్టేట్ గ్రంథి, వీర్యకోశాలు పని మొదలుపెట్టాయనడానికి గుర్తు, అంతే. కలలొచ్చే నిద్రదశలో అంగం గట్టిపడటం పసిబిడ్డ నుంచి పండు ముసలి దాకా ప్రతి మగవాడికీ రాత్రి మూడు నాలుగుసార్లు జరిగేదే. పగలు కూడా ఏ ఆలోచనా లేకుండా, బోర్డు దగ్గరికి రమ్మని సారు పిలిచినప్పుడే అలా జరగవచ్చు. అది తప్పుడు బుద్ధి కాదు, కుదురుకుంటున్న రక్తప్రసరణ, నరాల వ్యవస్థ.

ఈ రహస్యభయం మీద ఒక పెద్ద వ్యాపారమే నడుస్తోంది. బస్టాండు మూత్రశాలల గోడల మీద, రైలు పట్టాల పక్కన ప్రహరీల మీద సున్నంతో, పసుపు రంగుతో రాసి ఉంటాయి: నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, హస్తప్రయోగం వల్ల వచ్చిన దోషాలు, ప్రతి ఆదివారం ఫలానా లాడ్జిలో ఫలానా నంబరు గదిలో సంప్రదించండి. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954లోనే చట్టం నిషేధించింది. గోడలు మాత్రం ఖాళీ కాలేదు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమన్న మాట ఆ లాడ్జి గదుల్లో ఇప్పటికీ అమ్ముడవుతోంది. అది మనదేశపు మాటే అనుకోనక్కర్లేదు. స్విట్జర్లాండ్ డాక్టర్ శామ్యూల్ టిసో 1760లో ఒక పుస్తకం రాసి ఇలాంటి లెక్కతోనే యూరప్ మొత్తాన్ని నూరేళ్లకు పైగా భయపెట్టాడు. యూరప్ ఆ భయం నుంచి బయటపడింది. మనదగ్గర వీర్యం పోతోందన్న దిగులుతో నీరసం, గుండెదడ, నిద్రలేమి తెచ్చుకుని డాక్టర్ల దగ్గరికొచ్చే యువకులు ఎంతమందంటే, సైకియాట్రిస్ట్ ఎన్.ఎన్. విగ్ 1960లో ఈ స్థితికి ధాత్ సిండ్రోమ్ అని ప్రత్యేకంగా పేరే పెట్టాల్సి వచ్చింది.

లెక్క చూద్దాం. ఒకసారి వెలువడే వీర్యం రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూనుకు మించదు. అందులో శుక్రకణాల వాటా నూటికి ఐదో అంతకన్నా తక్కువో. మిగతాదంతా వీర్యకోశాలు, ప్రోస్టేట్ తయారుచేసే ద్రవం. ఆ మొత్తంలో ప్రొటీన్ పావు గ్రాము కూడా ఉండదు. ఒక ఉడికించిన గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. వృషణాలు రోజుకు కోట్ల శుక్రకణాలను తయారుచేస్తూనే ఉంటాయి, ఒక్కో కణం తయారీకి రెండు నెలల పైన పడుతుంది, బయటికి వెళ్లనివి శరీరంలోనే విరిగి కలిసిపోతాయి. రక్తం వీర్యంగా మారదు. హస్తప్రయోగంవల్ల కళ్లు లోతుకుపోవు, నరాలు బలహీనపడవు, పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోవడం ఉండదు. చదువూ ఆటా మానేసి దాని చుట్టూనే రోజంతా తిరుగుతుంటే ఆ పిల్లాడి మనసులో ఏదో దిగులు ఉందేమో కనుక్కోవాలి. అంతకుమించి అందులో రోగమేమీ లేదు. ఈ ముక్కలు తెలుగులో చాలాకాలంగా ధైర్యంగా రాస్తూ వచ్చినవాళ్లలో విజయవాడ డాక్టర్ సమరం ముందుంటారు. వారపత్రికల్లో ఆయన జవాబులు చాటుమాటుగా చదివి ఊపిరి పీల్చుకున్న తరం ఒకటుంది. వాళ్లిప్పుడు తండ్రులు. తమ కొడుకులతో ఆ మాట ఎత్తడానికి వాళ్లకే నోరు రావడం లేదు.

శరీరంతోపాటు నిద్రవేళ కూడా మారుతుంది. మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ ఈ వయసులో చిన్నప్పటికన్నా ఆలస్యంగా, గంట నుంచి రెండు గంటలు వెనక్కి జరిగి విడుదలవుతుందని అమెరికా పరిశోధకురాలు మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చారు. పదకొండు దాటినా నిద్ర రాకపోవడం, పొద్దున లేవలేకపోవడం పూర్తిగా బద్ధకం కాదు. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. కాలిఫోర్నియా రాష్ట్రం హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలవకూడదని చట్టమే చేసింది, 2022 నుంచి అమలవుతోంది. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో అయిదింటికి గంట కొట్టి స్టడీ అవర్‌కు కూర్చోబెడతారు. ఆ పిల్లల్లో చిరాకు, మరపు, ఏడుపు చూసి ర్యాంకు భయమనుకుంటాం. అందులో పెద్ద భాగం నిద్రలేమి. ఇది మార్చగలిగిన విషయం, డబ్బు కూడా ఖర్చు కాదు.

ఈ వయసులో స్నేహితుల ముందు మెదడు వేరుగా పనిచేస్తుంది. లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం అమెరికాలో ఒక కారు ఆటతో దీన్ని పరీక్షించింది. సిగ్నల్ పసుపు రంగుకు మారినప్పుడు ఆగాలా, దూసుకెళ్లాలా? ఒంటరిగా ఆడినప్పుడు టీనేజీ పిల్లలు పెద్దవాళ్లకన్నా పెద్దగా తేడాగా ఆడలేదు. స్నేహితులు చూస్తున్నారని తెలిసినప్పుడు సాహసం పెరిగింది. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. ముందుచూపుకు, నిగ్రహానికి సంబంధించిన నుదుటి వెనక మెదడు భాగం ఇరవై అయిదు దగ్గరికి గానీ పూర్తిగా ముదరదు. మెప్పు కోసం ఉరకలేసే భాగం మాత్రం ముందే మేల్కొంటుంది. ఒక్క బండి మీద ముగ్గురు ఎక్కి పోవడం, గుంపులో ఉన్నప్పుడు ఆడపిల్లను ఏడిపించడం, ఒకరి ఫొటో ఇంకొకరికి పంపడం ఈ వయసులోనే ఎక్కువ. మెదడు ఇంకా ముదరలేదన్నది సాకు కాదు. ముందే చెప్పి, అలవాటు చేసి ఉంచాల్సింది ఎందుకో అది చెబుతోంది.

బడి ఏం చేస్తోంది? చాలా హైస్కూళ్లలో జరిగే దృశ్యం ఇది. నెలసరి గురించి చెప్పడానికి ఎవరో వస్తారు. ఆడపిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి తలుపేస్తారు, మగపిల్లల్ని గ్రౌండుకు పంపేస్తారు. వాళ్లు కిటికీ ఊచల దగ్గర ఒకరి మీద ఒకరు పడి లోపలికి తొంగిచూస్తారు, కేకలేస్తారు, పీఈటీ సారు తరుముతాడు. గంట తర్వాత ఆడపిల్లలు చేతుల్లో పొట్లాలు దాచుకుంటూ బయటికొస్తే నవ్వుతారు. నెలసరి అంటే ఏమిటో వాళ్లకూ అదే రోజు చెప్పి ఉంటే, చెల్లెలి లంగా మీద మరక కనిపించినప్పుడు ఏం చేయాలో తెలిసేది. తోటి విద్యార్థినిని ఎగతాళి చేసే నోటికి తాళం పడేది. అదే రోజు మగపిల్లల్ని ఇంకో గదిలో కూర్చోబెట్టి వాళ్ల సంగతి వాళ్లకు చెప్పడానికీ ఎవరూ రారు.

చాలాకాలంగా ఎనిమిదో తరగతి సైన్సులో కౌమారదశ పాఠం ఉంటూ వచ్చింది. ఉన్నందుకు సంతోషమే. కానీ ఎనిమిదో తరగతికి పిల్లలకు పదమూడేళ్లు. చాలామందిలో పని మొదలై ఏడాదో రెండేళ్లో దాటిపోయి ఉంటుంది. "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసే టీచర్లను నేను పూర్తిగా తప్పుపట్టను, వాళ్లకూ ఎవరూ నేర్పలేదు. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెడితే 2007లో మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు పిల్లలు చెడిపోతారని ఆపేశాయి. యునెస్కో 2018లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కూడగట్టి చూస్తే, శాస్త్రీయంగా చెప్పిన లైంగిక విద్య పిల్లల్ని ముందుగా శృంగారంలోకి దించుతుందన్నదానికి ఆధారం దొరకలేదు. చాలా చోట్ల అది వాయిదా వేసుకునేలా, రక్షణ పాటించేలా చేసింది. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక మగ, ఒక ఆడ, ఈ బాధ్యత ఇవ్వమంది. ఆ ఇద్దరూ మీ ఊరి బడిలో ఎవరో తల్లిదండ్రుల మీటింగులో అడగండి. అడిగితేనే కదులుతుంది.

చెప్పకపోతే పిల్లాడు అమాయకంగా ఉండిపోతాడన్న నమ్మకానికి ఫోన్ ఎప్పుడో నీళ్లొదిలింది. అక్కడ కనిపించే నీలిచిత్రాల్లో ఉన్నది నటులు, కెమెరా, కత్తిరింపు. అందులో ఎవరూ ఎవరినీ ఇష్టమా అని అడగరు, వద్దంటే ఆగరు. పన్నెండేళ్లవాడు అదే అసలైన సంగతి అనుకుంటే తప్పు వాడిది కాదు. ఇష్టం అడగాలని, కాదంటే కాదనే అర్థమని, పద్దెనిమిదిలోపు వాళ్లతో లైంగిక సంబంధం చట్టం దృష్టిలో నేరమని, ఒకరి ఫొటో వాళ్ల అనుమతి లేకుండా పంపకూడదని వాడికి మనిషి నోటితో చెప్పాలి.

వాడికి జరిగే అన్యాయం గురించి కూడా. 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లల్ని అడిగి చేసిన అధ్యయనంలో సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో 52.94 శాతం మగపిల్లలు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2012 పోక్సో చట్టం ఆడ, మగ తేడా లేకుండా పిల్లలందరికీ వర్తిస్తుంది. అయినా మగపిల్లాడు నోరు విప్పడు, ఎందుకంటే మగపిల్లాడికి ఇలా జరుగుతుందని వాడికెవరూ చెప్పలేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆడపిల్లలకే కాదని కూడా చెప్పలేదు.

ఈ మౌనం ఖరీదు ఒక్కోసారి గంటల్లో లెక్కకొస్తుంది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మగపిల్లల్లో, చాలాసార్లు రాత్రివేళ, వృషణం తన రక్తనాళాల తాడు మీద తానే మెలిపడిపోవచ్చు. రక్తం అందడం ఆగిపోతుంది. భరించలేని నొప్పి, వాంతి. ఒకవైపు వృషణం పైకి లాగినట్టు, వాచి కనిపిస్తుంది. పిల్లాడు సిగ్గుపడి "కడుపునొప్పి" అంటాడు. వాము నీళ్లో గ్యాస్ మాత్రో ఇచ్చి పడుకోబెడతారు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే పదిమందిలో తొమ్మిదిమందికి వృషణం దక్కుతుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే దాదాపు దక్కదు, తీసేయాల్సిందే. అందుకని ఈ వయసు పిల్లాడు పొత్తికడుపు నొప్పి అని మెలికలు తిరుగుతుంటే "కింద కూడా నొప్పిగా ఉందా నాన్నా?" అని నేరుగా అడగండి. అవునంటే పొద్దున దాకా ఆగకుండా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే తీసుకెళ్లండి. వెళ్లే ముందు తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఆపరేషన్‌లో రెండోవైపు వృషణాన్ని కూడా మళ్లీ మెలిపడకుండా కుట్టి నిలబెడతారు. ఒకవేళ ఒకటి తీసేయాల్సి వచ్చినా, మిగిలిన ఒక్కటీ ఆరోగ్యంగా ఉంటే మీసం రావడానికీ, గొంతు మారడానికీ, రేపు పిల్లలు పుట్టడానికీ సాధారణంగా అది సరిపోతుంది. ఈ మాట డాక్టర్ మీకు చెవిలో చెప్పి ఊరుకుంటే, మంచం మీదున్న పిల్లాడికి కూడా వినిపించేలా ఇంకోసారి చెప్పమనండి.